పడవలా మూసిన గోడ

మా ఆయనకు నావ కట్టడం వచ్చు. ఇల్లు కట్టడం రాదు. ఈ రెండూ వేరు పనులని మా వాళ్లలో ఎవరికీ తోచలేదు. నావకు నీళ్లు బయట ఉంటాయి, ఇంటికి వాన బయట ఉంటుంది, బయటిది లోపలికి రాకుండా చూసుకుంటే చాలనుకున్నారు. అలా కట్టిన ఇంట్లో నేను పడ్డ భయం గురించి రాస్తున్నాను. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి, అందుకే ఇంత ఆలస్యం.

విశాఖకు ఉత్తరాన సముద్రం ఒడ్డు పేట మాది. పెళ్లైన ఏడాదే ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చాం. మా ఆయన, మా అత్త, మా మరిది, నేను. షాదీపూర్ దాటి కిందికి దిగితే అప్పట్లో అంతా మడచెట్లూ బురదా. అక్కడ వెదురు తడికలతో పాక వేసుకుని ధనీ ఆకు కప్పుకున్నాం. ధనీ అంటే ఉప్పు కయ్యల్లో పెరిగే చెట్టు, దాని మట్ట తాటాకులాగే ఉంటుంది. మా ఊళ్లో వాన పైనుంచి పడేది. ఇక్కడ పక్కనుంచి కొట్టేది. మే నెలలో మొదలైతే ఏడాది చివరిదాకా వదిలేది కాదు. మొదటి కాన్పు ఆ పాకలోనే అయింది. మగపిల్లాడు. నానిన తడిక పక్కన పడుకోబెట్టక తప్పేది కాదు. దగ్గు పట్టుకుంది, డొక్కలు ఎగరేశాడు, పోయాడు. దీని గురించి ఇంతకన్నా రాయను.

ఆ తర్వాత మా ఆయన మాట్లాడటం తగ్గించాడు. మళ్లీ నాకు నెల తప్పిందని తెలిసిన రోజు తడికను కాలితో ఒక్క తన్ను తన్ని, "ఈపాలి నా బిడ్డ మీద సుక్క పడదు. ఇల్లు నావలాగ కడతాను" అన్నాడు. మాట కోసం అన్న మాట కాదది. అన్నట్టే కట్టాడు.

ఎక్కడ ఏది దొరికితే అది మోసుకొచ్చారు అన్నదమ్ములిద్దరూ. రంపపు మిల్లు వెనక పారేసిన ముక్కల్లోంచి ఎర్రటి పడాక్ పలకలు, బూడిద రంగు గర్జన్ పలకలు ఏరారు. పడాక్ రాయి లాంటి చెక్క, దాన్ని చెద కూడా ముట్టదు. కానీ అది దొరికింది తక్కువ. గుంజలకు సరిపోయే పొడుగు ముక్క ఒక్కటీ దొరకలేదు. అందుకని నాలుగు మూలలకూ వానలో కొట్టిన పచ్చి గర్జన్ మానులే దించారు. సగం గట్టిపడిన సిమెంటు బస్తాలు రేవులోంచి వచ్చాయి. పైకప్పుకు టిన్ను రేకులు. ఒక ఓడ తుక్కులోంచి గుండ్రటి గాజు కిటికీ, ఇత్తడి చట్రంతో సహా. అదే ఓడకు పూయగా మిగిలిన బూడిద రంగు పెయింటు డబ్బాలు కూడా. ఆ డబ్బాల మీద ఎర్ర అక్షరాలతో ఏదో పెద్దగా రాసి ఉండేది. మా ఇంట్లో చదవగలిగిన వాళ్లు ఎవరూ లేరు, మూత ఊడదీసి వాసన చూసి మంచిదనుకున్నాం.

పలకకూ పలకకూ నడుమ నావకు కూరినట్టే కొబ్బరిపీచు కూరారు. గుగ్గిలాన్ని నూనెలో కాచి సందులన్నీ మూశారు. బయట తారు పూశారు. అక్కడితో ఆగితే బాగుండేది. లోపల కూడా తారు పూశాడు మా ఆయన, దాని మీద ఇనుప వల కొట్టి, నడుం ఎత్తు దాకా సిమెంటు మెత్తించాడు. గుంజలు కూడా ఆ సిమెంటు లోపలికే పోయాయి. నేల పోసేటప్పుడు గుంజల మొదళ్ల చుట్టూ కూడా బిగించి పోశారు. సిమెంటు మీద ఎర్ర ఆక్సైడు రుద్దించారు. పైసగం పలకలకు ఓడ పెయింటు. టిన్ను రేకులు లోపలికి కనిపించకుండా గోనెపట్టాలు కలిపి కుట్టి, అడ్డంగా సాగదీసి కట్టి, గుల్ల సున్నం పట్టించారు. గుమ్మం దగ్గర నేల తడిగా ఉండగానే విరిగిన పింగాణీ ముక్కలు పువ్వులాగా నేనే పొదిగాను.

నిజం చెప్పాలంటే చాలా అందంగా వచ్చింది. కింద ఎరుపు, మధ్యలో వేలెడు నల్లటి తారు అంచు, పైన బూడిద రంగు, ఆ పైన తెలుపు. చెక్క, సిమెంటు, ఇనుము, గాజు, గోనె అన్నీ ఒకే గదిలో కలిసిపోయి ఒకే వస్తువులాగా కనిపించేవి. చెయ్యి పెట్టి రాస్తే ఎక్కడా అతుకు తగిలేది కాదు. మా పేట ఆడవాళ్లు గుంపుగా వచ్చి చూశారు.

"ఓలమ్మ, ఇల్లు కాదే ఇది, జహాజు. టిక్కట్టు ఎవులిస్తారు?" అంది ఒకావిడ.

"టిక్కట్టు నాకాడుంది. కాళ్లు కడుక్కుని ఎక్కండి" అంది మా అత్త, గుమ్మంలో పీట వేసుకు కూర్చుని.

గృహప్రవేశం కూడా నావను నీళ్లలోకి దించినట్టే చేశారు. గాలి ఎటునుంచి కొడుతుందో అటు మూలను ఇంటికి ముక్కు అన్నారు. ఆ మూల గోడకు లోపలివైపు పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఇంటి మగాళ్లు నీళ్ల మీద ఉన్నప్పుడు, ఒడ్డునున్న వాళ్ల ఇంకో నావలో ఎవరూ ఇనుము దించకూడదు. మేకు కొట్టకూడదు, ఉలి పెట్టకూడదు. ఇక్కడ కన్నం పడితే అక్కడి నావకు నీరొస్తుందంటారు. ఆ ఇంటికి పూసిన గుగ్గిలం, మా ఆయన వేటకెళ్లే నావకు పూసిన గుగ్గిలం ఒకే కుండలో కాచినవి. పసుపు కూడా పడింది. కాబట్టి ఆ కట్టుబాటు ఇంటికి కూడా వచ్చి చేరింది. అప్పుడు నేనూ చేతులు జోడించి దణ్ణం పెట్టుకున్నాను.

పాప ఆ ఇంట్లో పుట్టింది. ఆ వానాకాలం ఒక్క చుక్క లోపలికి రాలేదు. బయట సముద్రం లేచి మీద పడ్డట్టు వాన కొడుతుంటే లోపల దీపం కదలకుండా వెలిగేది. ఇంటికి ఒకటే గది, వెనక వంటకి చిన్న వసారా. గదికి ఒకటే పెద్ద దూలం. దాని ఒక కొస పసుపు రాసిన మూల గుంజ మీద ఆనుతుంది. ఆ దూలానికి నా పాత చీరతో ఉయ్యాల కట్టాం. పాప దాన్లో పడుకుంటే మా ఆయన కింద నేల మీద పడుకుని కాలి బొటనవేలితో ఊపేవాడు.

రెండో వానాకాలంలో వాసన మొదలైంది. పెద్ద వాసనేమీ కాదు. నానబెట్టి మరిచిపోయిన పప్పు వాసన. వంటగిన్నెలన్నీ వెతికాను. చివరకు ముక్కు తీసుకెళ్లి గోడకు పెడితే, ఆ మూలనుంచే వస్తోంది. సిమెంటూ పలకా కలిసేచోట నల్ల తారు అంచు సన్నగా పగిలి ఉంది. వానకు చెక్క ఉబ్బుతుంది, సిమెంటు ఉబ్బదు. ఒకటి కదిలి ఇంకోటి కదలకపోతే అతుకు నిలుస్తుందా. ఆ పగులులోకి గోరు పెట్టి లాగితే గోరు తడిగా వచ్చింది. దాని పైన ఓడ పెయింటు బుడగ లేచి ఉంది. నొక్కితే మెత్తగా, జ్వరమొచ్చిన పిల్ల కడుపులాగా లోపలికి పోయింది. పెయింటు చిరగలేదు. అది ఓడలకు వేసే పెయింటు, అంత సులువుగా చిరగదు. దాని వెనక ఏముందో, అసలు ఏమైనా మిగిలి ఉందో లేదో కనబడకపోవడమే నన్ను భయపెట్టింది.

మా ఆయనకు చెప్పాను.

"నీకు బిత్తర ఎక్కువైపోనాది. బక్కెట్టుతో నీళ్లు తెచ్చి బయటినుంచి కొట్టు. సుక్క లోనికొస్తే అప్పుడడుగు నన్ను."

"లోనికి రావట్లేదయ్యా. లోపలున్నది బయటికి పోవట్లేదు. గుంజ మొదట్లో నీళ్లు నిలిచున్నాయి."

"గుంజ సిమెంటులో ఉంది. సిమెంటుకేటవుద్ది? ఫికర్ సేయకు."

"సిమెంటుకేం కాదు. గుంజకవుద్ది."

"గోడిప్పితే మల్లీ వాన లోనికొస్తాది" అన్నాడు. ఆ మాట అన్నాక నా మొహం చూడలేదు. అతని భయం ఏమిటో నాకు తెలుసు. పాకలో పోయిన వాడు ఇద్దరికీ కొడుకే.

ఆ తర్వాత ఒకరోజు పట్టపగలు, పాపను ఉయ్యాలలో వేసి నేను బియ్యం చేటలో పోసుకు కూర్చున్నాను. ఉయ్యాల ఎవరూ ఊపకుండా ఊగింది. గాలి అనుకున్నాను. ఆ ఇంట్లోకి గాలి రాదని వెంటనే గుర్తొచ్చింది. చేటలో బియ్యం సన్నగా కదిలింది. నేల అడుగునుంచి లారీ పోయినట్టు శబ్దం వచ్చి ఆగిపోయింది. ఈ దీవుల్లో నేల కదలడం వింతేం కాదు, అందరూ అలవాటు పడ్డారు. కానీ నేల ఆగాక కూడా ఆ మూల గోడలోంచి శబ్దం వస్తూనే ఉంది. ఎవరో లోపల కూర్చుని మరమరాలు నములుతున్నట్టు. పైన గోనెపట్టా మీదనుంచి సున్నం పొడి పాప మొహం మీద రాలింది. పాప తుమ్మి నవ్వింది. నా చేతులకు అడ్డొచ్చిన చేట ఎటు పోయిందో నాకు తెలియదు. పాపను ఎత్తుకుని బయటికి పరుగెత్తాను.

ఆ రోజునుంచి పాపను వంట వసారాలో పడుకోబెట్టాను. మా అత్త తీసుకొచ్చి మళ్లీ ఉయ్యాలలో వేసేది.

"పొగలో పడుకోబెడతావేటే? ఆ బుడ్డోడికి దగ్గెలా వొచ్చిందో మరిసిపోనావా?"

"ఆ దూలం కింద మాత్రం వద్దత్తా."

"దూలం ఏం సేసింది నిన్ను?"

ఏం చెప్పను. వాసన వస్తోందని, గోడ నములుతోందని చెప్తే పిచ్చిదాన్ని అంటారు. అన్నారు కూడా. మంత్రం వేయించమని మా మరిది సలహా ఇచ్చాడు. నేను రోజుకోసారి దూలం కొస దగ్గర నిలబడి చూసేదాన్ని. గోడకీ దూలానికీ మధ్య సున్నం గీత ఒకటి ఉండేది. ఆ గీత ఒకనాడు తిన్నగా ఉన్నట్టుండేది, ఒకనాడు కిందికి వంగినట్టుండేది. కళ్లు నన్ను మోసం చేస్తున్నాయో, ఇల్లే చేస్తోందో తేల్చుకోలేక చచ్చేదాన్ని.

వాన కాస్త తెరపి ఇవ్వగానే అన్నదమ్ములిద్దరూ ఉప్పు బస్తాలు వేసుకుని సొర వేటకు ఉత్తరానికి పోయారు. అలా పోతే ఒడ్డు పట్టుకుని డిగ్లీపూర్ దిక్కుగా ఎంత దూరమైనా పోయేవారు, ఎప్పుడొస్తారో చెప్పలేం. వాళ్లు పోయిన రెండు రోజులకే తెరపి మూసుకుపోయింది. వాన మళ్లీ పక్కనుంచి కొట్టడం మొదలుపెట్టింది.

మా ఇంటి పక్కన రాంచీ నుంచి వచ్చిన అడవి కూలీల కుటుంబం ఉండేది. ఆవిడను నేను దీదీ అనేదాన్ని, ఆవిడ నన్ను దీదీ అనేది. వాళ్లది వట్టి వెదురు చాప ఇల్లు. గాలి ఇటునుంచి అటు పోతుంది, వాన వచ్చి తడుపుతుంది, ఎండ వచ్చి ఆరబెడుతుంది. ఆ వానలో ఒకరోజు దీదీ నిప్పు అడగడానికి వచ్చి, మా గది గుమ్మంలో నిలబడిపోయింది.

"అరే దీదీ, మీ దీవార్‌కి పేట్ వొచ్చింది."

నవ్వుతూ అంది. చూశాను. నిజమే. పసుపు బొట్లు పెట్టిన మూల, నేలకు జానెడు ఎత్తులో, ఎర్ర సిమెంటు ఏడో నెల కడుపులాగా ముందుకు వచ్చింది. పొద్దున లేదు. దాని కింద గోధుమ రంగు నీళ్లు సన్నగా కారుతున్నాయి. పైన గుండ్రటి గాజు కిటికీకి ఇత్తడి చట్రం పక్కనుంచి ఈ కొస నుంచి ఆ కొస దాకా పగులు పడి ఉంది. దూలం దిగుతోందనడంలో నాకిక అనుమానం లేకపోయింది.

దీదీ నవ్వు ఆగిపోయింది. "బచ్చీ ఎక్కడ?" అంది.

పాప మా అత్త ఒళ్లో ఉంది. మా అత్త ఆ మూలలోనే, బొట్ల ముందు, దీపం పెట్టుకుని కూర్చుని ఉంది. కొడుకులు నీళ్ల మీద ఉన్నన్నాళ్లూ ఆవిడ అక్కడే కూర్చునేది. దీపం ఆరకూడదు.

"అత్తా, లే. బయటికి రా. పాపను ఇలా ఇవ్వు."

"ఎందుకూ?"

"గుంజ పోయింది. దూలం పడతాది."

ఆవిడ వెనక్కి తిరిగి గోడను అరచేత్తో తట్టింది. ఠంగుమంది. "రాయిలాగుంది. నాను లేస్తే దీపం కాడ ఎవులుంటారు? నా కొడుకులు అక్కడ గాలిలో ఉన్నారు."

"పాపనైనా ఇవ్వు."

"బయట వానలోకా? ఒకణ్ణి తడికలో సంపుకున్నాం, సాల్దా?"

పాపను గట్టిగా పొదివి పట్టుకుంది. లాగితే పాప చెయ్యి నొస్తుంది. ఆవిడ చెడ్డది కాదు. నా బిడ్డ మీద నాకంటే తక్కువ ప్రేమ ఉన్న మనిషీ కాదు. ఆవిడకు గోడ రాయిలాగా కనిపిస్తోంది. ఎవరికైనా అలాగే కనిపిస్తుంది. అలా కనిపించాలనే కట్టాం దాన్ని. వెనక ఏముందో కళ్లతో చూస్తే తప్ప ఆవిడ లేవదు. చూపించాలంటే ఇనుము దించాలి. ఇనుము దించితే నీళ్ల మీద ఉన్నవాడికి ఏమవుతుందో, ఆ రోజు ఆ గాలిలో, నేను కూడా నమ్మాను. నమ్మలేదని ఇప్పుడు రాసుకోవచ్చు. రాస్తే అబద్ధం.

దీదీ వాళ్లింటికి పరుగెత్తి గునపం తెచ్చింది. నా చేతికిచ్చింది.

"ఏటదీ? మావోడు నీళ్ల మీదుంటే ఇంట్లో ఇనుం దించుతావా? నీకు మొగుడొద్దా?"

"మొగుడూ కావాల, పిల్లా కావాలత్తా. పిల్ల ఇక్కడుంది, కనబడతా ఉంది."

"దించితే నీ మొహం సూడను."

"సూడకు. లెగిసి అటుపోయి సూడకు."

దీదీకి మా తెలుగు సగమే అర్థమవుతుంది. "దీదీ, ఝగడా తర్వాత. మార్, మార్" అంది.

మా అత్త కూర్చున్న చోటికి మూర దూరంలో, కడుపులాగా ఉబ్బినచోట, గునపం దించాను. ఆ దించేటప్పుడు నా కళ్లకు గోడ కనిపించలేదు. నావ అడుగు కనిపించింది, దాన్లోంచి లేచే నీళ్లు కనిపించాయి. నోట్లోంచి మా ఆయనను పిలిచే మాట ఏదో వచ్చింది. సిమెంటు తాబేలు చిప్పలాగా ఒక్క పెళ్లుగా ఊడి నేలమీద పడింది. వెనక ఇనుప వల తుప్పు పట్టి వేలితో తాకితే పొడి అయింది. దాని వెనక తారు, నల్లటి తోలులాగా. గునపం మొనతో చీరితే కడుపు చీరిన చేపలోంచి వచ్చినట్టు వచ్చింది లోపలిది. తడిసిన తవుడు. తెల్లటి పోగులు. వేలకు వేలు చెదపురుగులు. గదంతా ఆ పప్పు వాసన.

లోపలికి చెయ్యి పెట్టాను. మోచేతి దాకా పోయింది. గుంజ తగల్లేదు. పైకి తడిమాను, కిందికి తడిమాను. నేల దగ్గర నుంచి నా నడుం ఎత్తు దాకా అక్కడ గుంజ లేదు. పైన మిగిలిన మొద్దు, దాని మీద దూలం, ఆ మీద టిన్ను రేకులు, అన్నీ ఆ సిమెంటు చిప్ప మీదే నిలబడి ఉన్నాయి. ఆ చిప్పనే నేను ఇప్పుడు పగలగొట్టాను. ఆ సంగతి బుర్రకెక్కేలోపల దూలం మూలిగింది.

మా అత్త పాపను ఎత్తుకుని లేచి నా ముందే గుమ్మం దాటింది. అంత వేగంగా ఆవిడ నడవడం నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. దీదీ, నేనూ వసారాలో ఉన్న పాత తెరచాప కొయ్యను ఈడ్చుకొచ్చి, దూలం కొసకింద నిలబెట్టి, అడుగున రుబ్బురోలు తోశాం. కొయ్య వంగింది, నిలబడింది. దీపం మా కాళ్ల కింద ఎప్పుడో ఆరిపోయింది.

బయట దీదీ వాళ్ల అరుగు మీద మా అత్త వానకు వీపు పెట్టి, పాపకు కొంగు కప్పి కూర్చుంది. నేను చేతినిండా ఆ తవుడు తెచ్చి చూపించాను. చూసింది. కాదనలేదు.

"ఇల్లు సంగతి నువ్వు సెప్పినట్టే అయింది" అంది. "ఇప్పుడు నా కొడుకుల సంగతి సెప్పు."

ఆ తర్వాతి రోజులు ఆ ఇంటి భయం కంటే కష్టంగా గడిచాయి. ఇంట్లో భయానికి చోటు ఉండేది, వెళ్లి చెయ్యి పెట్టి చూడొచ్చు. ఇప్పుడది నీళ్లంత అయింది. మేం దీదీ వాళ్ల అరుగు మీదే ఉన్నాం. మా అత్త నాతో మాట్లాడటం మానేసింది. నేను వండితే తినేది, పాపను ఆడించేది, నా వైపు మాత్రం చూసేది కాదు. ఉత్తరం నుంచి వచ్చిన నావ ఏదైనా ఒడ్డెక్కితే వెళ్లి అడిగేదాన్ని. ఎవరూ చూడలేదన్నారు. ఒకతను, గాలికి ఏదో దీవి చాటున ఆగుంటార్లే దీదీ, అన్నాడు. ఇంకొకతను తల తిప్పుకుని వల సర్దుకున్నాడు. ఆ రెండో అతని గురించే రోజంతా ఆలోచించాను.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఖాళీ ఇంట్లోకి ఒక్కదాన్నే వెళ్లాను. తెరచాప కొయ్య పక్కనుంచి ఒదిగి వెళ్లి, నా చీర ఒకటి చింపి, ఉండలు చుట్టి, ఆ కన్నంలో కూరాను. నావకు కన్నం పడితే కూరినట్టు. కుండ అడుగున మిగిలిన గుగ్గిలం గోకి దాని మీద అద్దాను. పుచ్చిపోయిన గోడకు గుడ్డ కూరితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే కూరాను. ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను, మళ్లీ లేచి ఇంకొంచెం గట్టిగా కూరాను.

వాళ్లు వచ్చారు. ఆకలో అంటూ మా మరిది కేక దూరం నుంచే వినబడింది. నావ బరువుగా, కిందికి కూరుకుని వస్తోంది. మా అత్త చీర తడుస్తున్నా ఆగకుండా నడుం లోతు నీళ్లలోకి నడిచి, నావ అంచు పట్టుకుంది.

"నీరొచ్చిందేట్రా?"

"నావన్నాక నీరు రాదేటే అమ్మా. తోడి పోసినాం" అన్నాడు మా ఆయన.

"ఏ రోజొచ్చింది?"

"ఏ రోజని ఏటి, రోజూ వొస్తాది. నీకేటైనాది? ముందు ఒడ్డుకు తప్పుకో."

ఆవిడ నా వైపు చూసింది. అన్నాళ్ల తర్వాత మొదటిసారి. "నీ పెళ్లం ఇంట్లో ఇనుం దించింది" అని కొడుకుకు చెప్పింది. తిట్టినట్టు కాదు, కబురు చెప్పినట్టు చెప్పింది.

అతను నేరుగా ఇంట్లోకి వెళ్లాడు. నేను గుమ్మం దగ్గరే ఆగాను. తెరచాప కొయ్యను చేత్తో పట్టి చూశాడు. రుబ్బురోలును చూశాడు. కన్నంలోంచి నా చీర గుడ్డలు ఒక్కొక్కటే బయటికి లాగి నేలమీద పెట్టాడు. తర్వాత చెయ్యి లోపలికి పెట్టాడు. నాలాగే మోచేతి దాకా పెట్టి, పైకీ కిందికీ తడిమాడు. చాలాసేపు ఆ చెయ్యి బయటికి తియ్యలేదు.

బయటికొచ్చి పాపను ఎత్తుకుని, వానలోనే, కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చున్నాడు. గాలివానలో కూడా చుక్కాని వదలని మనిషి, పాపను రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

"తడుస్తాది పిల్ల" అన్నాను.

"తడవనీ. తుడుద్దాం" అన్నాడు.

కొత్త గుంజ దిగేదాకా నీళ్ల మీదకు పోనన్నాడు, పోలేదు. ఈసారి పడాక్ మానునే సంపాదించాడు, ఎక్కడెక్కడో తిరిగి. గుంజను నేలలో పాతలేదు. రాయి మీద నిలబెట్టాడు. సిమెంటు పెళ్లలన్నీ గోడల నుంచి ఊడగొట్టాం. మిగతా మూడు మూలల్లోనూ అదే తవుడు. పలకలకు లోపలివైపు తారు గీకేశాం, రంగు వెయ్యలేదు. చెక్కకీ నేల సిమెంటుకీ మధ్య వేలు దూరేంత సందు వదిలాం. ఆ సందులోంచి గాలి వచ్చేది, దీపం రెపరెపలాడేది, పెద్ద వాన వస్తే జల్లు కూడా వచ్చేది. అప్పుడు గుడ్డ తెచ్చి తుడిచేవాళ్లం. ఇల్లు వికారంగా తయారైంది. టిక్కట్టు అడిగినావిడ వచ్చి చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. పాపకు ఆ ఏడాది దగ్గు వచ్చింది, తగ్గింది. ఆ దగ్గు ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఎవరమూ అన్నం సరిగా తినలేదు.

ఆ తర్వాత మొదటిసారి వేటకు పోయేరోజు మా ఆయన బజారునుంచి కొత్త గునపం తెచ్చాడు. దాన్ని ఇంట్లో, తలుపు వెనక నిలబెట్టాడు. మా అత్త చూస్తూనే ఉంది.

"అనుమానం వొస్తే కొట్టే" అన్నాడు నాతో. "నా కోసం సూడకు."

"నువ్వు నీళ్ల మీదున్నా?"

"నీళ్ల మీదున్నా."

నావ కదిలాక మా అత్త లోపలికి వెళ్లి, కొత్త గుంజకు పసుపు రాసి, రెండు అరచేతులూ దానికి ఆనించి నిలబడింది. గుమ్మంలోంచి కనబడే నావ కొండ మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడింది. నేను పాపను చంకనెత్తుకుని ఆవిడ పక్కన నిలబడ్డాను. నా భయమూ పోలేదు. గునపం మాత్రం తలుపు వెనకే ఉంచాను.